ఎర్ర గచ్చు మీద చెక్కా, వినైలా

నవంబరు 19

ఇవాళ కూడా ఇంట్లో చెప్పులతోనే తిరిగాను. మా ఆవిడ రాజ్యం ఉంటే వీధి గుమ్మం దగ్గరే విప్పించేది. రబ్బరు చెప్పులు టపటపమంటుంటే ఇంట్లో ఇంకో మనిషి మసులుతున్నట్టుంటుంది. ఆ ఇంకో మనిషీ నేనేనని వెంటనే గుర్తుకొస్తుంది... అదొక్కటే చిక్కు.

మధ్యాహ్నం గుడివాడ నుంచి మరదలు పద్మ ఫోను. "బావగారూ, అక్కది ఒకటే మాట. ఆ ఎర్ర గచ్చు మీద మళ్లీ కాలు పెట్టనంటోంది. దాని మీద ఇంకేదన్నా వేయిస్తే పెడన వస్తుందట. చెక్కో, వినైలో... ఏదో ఒకటి తేల్చండి." వెనక నుంచి రాజ్యం గొంతు — "తేల్చటమే ఆయనకి చేతనైతే నేనిక్కడ ఎందుకుంటానే!"

వెక్కిరించింది. అంటే తుంటి ఎముక బాగా అతుక్కున్నట్టే.

నవంబరు 20

వినైల్ అంటే ఏమిటో కనుక్కోవాలి. నా చదువు బడిలో జరిగింది కాదు, పకోడీల పొట్లాల్లో జరిగింది. పొట్లం విప్పితే సగం కథ ఉండేది. మిగతా సగం ఎవరి పకోడీలకి పోయిందో. అందుకే నాకు చాలా సంగతులు సగమే తెలుసు. ఆ సగాన్ని గట్టిగా చెప్పటం మాత్రం బాగా వచ్చు. "మీ మాటలు వింటే తెలియనివాళ్లకి తెలిసినట్టుంటుంది, తెలిసినవాళ్లకి నవ్వొస్తుంది" — రాజ్యం, ఎన్నోసారో.

మందుల షాపాయన చెప్పాడు: ప్లాస్టిక్ జాతిదట. చాపల్లా చుట్టలుగా వస్తుంది, పలకలుగానూ వస్తుంది. నేలకి గమ్ముతో అతికిస్తారు. నీళ్లు పడినా కాలు జారదట.

కాలు జారదట.

నవంబరు 22

బందరు వెళ్లాను, షోరూముకి. గాజు తలుపు, చల్లటి గాలి, లోపల మనుషులకంటే పుస్తకాలు ఎక్కువ. పుస్తకాలంటే చదివేవి కాదు, పేజీకో నేల ముక్క అతికించినవి. అక్కడున్న అమ్మాయి ఒక్కొక్కటే తిప్పింది.

"ఇది ఓక్ లుక్ సార్. ఇది వాల్‌నట్ లుక్. ఇది టీక్ లుక్."

"లుక్ సరేనమ్మా. కొయ్య ఏదీ?"

"కొయ్య ఉండదు సార్. కొయ్య ఫొటో ఉంటుంది."

నిజం చెప్పింది. అమ్మేవాళ్లలో ఇంత నిజం చెప్పేవాళ్లని ఈ మధ్య చూడలేదు. నేల మీద పరిచి చూపించిన చోట గొంతుక్కూర్చున్నాను. మోకాళ్లు కటకటమన్నాయి. కలంకారీ అచ్చులు చెక్కుతూ బతికినవాణ్ణి — ఒక బొమ్మ ఎక్కడ అయిపోయి మళ్లీ ఎక్కడ మొదలవుతుందో నా కంటికి దాచలేరు. ఒకటి, రెండు, మూడు... ఐదో పలకలో దొరికింది. అదే ముడి. పక్కన అదే వెంట్రుకంత చీలిక. తొమ్మిదో పలకలో మళ్లీ. లేచి చూపిస్తే అమ్మాయి నవ్వింది.

"ఇంతవరకు ఎవరూ ఇలా చూడలేదు సార్."

చూసే మనిషి ఒకతె ఉందమ్మా అన్నాను. ఎవరని అడగలేదు. పక్క కస్టమరు దగ్గరికి వెళ్లింది.

ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఒకప్పుడు చిలక అచ్చు ఒకటి చెక్కాను. అద్దకం వాళ్లు దాన్ని అరిగిపోయేదాకా వాడారు. దుప్పట్లు, తెరలు — దేశాలు దాటిపోయాయి. యజమాని చూశాడు, అద్దేవాళ్లు చూశారు, కొన్నవాళ్లు చూశారు. ఒక సాయంత్రం రాజ్యం డాబా మీద ఆరేసిన గుడ్డ మడతపెడుతూ, "చిలక్కి ఒక వేలు లేదేమండీ?" అంది. నిజమే. ఉలి జారి ఒక వేలు ఎగిరిపోయింది. నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ చూడరనుకున్నాను.

నవంబరు 23

వాన. అన్నం ఎక్కువైంది. ఎప్పుడూ ఇద్దరికే పడుతుంది చెయ్యి.

నవంబరు 24

ఈ కాగితం మీద కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

రాజ్యం పడింది నీళ్ల మీద కాదు. నూనె మీద.

శ్రావణ శుక్రవారం. అంతకు ముందురోజు గచ్చు తుడుస్తూ అంది — "ఒకప్పుడు ఇందులో మొహం కనపడేది. ఇప్పుడిది కూడా మన మొహాల్లాగే అయిపోయింది." ఊరికే అన్న మాటే. నాకు మాత్రం పట్టుకుంది. పొద్దున్నే ఆవిడ గుడికి వెళ్లగానే అచ్చుల నూనె డబ్బా తీశాను. కొత్త అచ్చు చెక్కాక రోజుల తరబడి నూనెలో నానబెడతాం. నూనె తాగిన టేకు ఇంక రంగు నీళ్లకి ఉబ్బదు, చీలదు. బతుకంతా అదే చేసినవాడికి లోకంలో ప్రతిదానికీ నూనె పడితే చాలనిపిస్తుంది. పాత లుంగీ గుడ్డ ముంచి హాలంతా, పడక గదిలో మంచం దాకా, వంటింటి గుమ్మం దాకా పట్టించాను. ఏం మెరిసిందని! వచ్చి చూసి ఏమంటుందోనని కిటికీ పక్కన నిలబడ్డాను, చిన్నపిల్లాడిలా.

ఏమీ అనలేదు. చూడనేలేదు. వీధి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, పూజకి చెంబుతో నీళ్లు పట్టుకుని, తడికాళ్లతో లోపలికొచ్చింది. మూడడుగులు.

చెంబు తర్వాత పడింది. నేను చూశాను. ముందు మనిషి పడింది, తర్వాత చెంబు. నీళ్లలో పడి ఉండి, నొప్పితో పళ్లు కరుచుకుంటూ అంది — "నీళ్లు ఒలకబోసుకున్నానండీ..."

నేను అవుననలేదు. కాదనీ అనలేదు.

ఆపరేషన్ అయ్యాక మూడో రోజు ఒక్కణ్ణే ఇంటికొచ్చి కుంకుడు రసం పోసి గచ్చంతా రుద్దాను. మెరుపు పోయింది.

నవంబరు 27

అవనిగడ్డ నుంచి వడ్రంగి వీరాచారి వచ్చాడు. వరస ఏమీ లేదు. నా అచ్చులకి టేకు ముక్కలు ఇచ్చిన రోజుల నుంచీ నేనతనికి బావని, అతను నాకు బావ. గుమ్మంలోకి వస్తూనే —

"ఏం బావా, చెల్లెమ్మ లేకపోతే ఇల్లు సత్రంలా పెట్టావు! చెప్పులేసుకుని ఇంట్లోనా?"

"కాళ్లు చల్లబడుతున్నాయి."

"కాళ్లే కదా. ఇంకా నయం."

నాగాయలంక పక్కన ఒక పాత మేడ విప్పుతున్నారట. టేకు పలకలు, అంగుళం పైన దళసరి. గదికీ హాలుకీ సరిపోతాయట, వంటింటికి చాలవట. "ఉప్పెన నీళ్లలో నాని నిలబడ్డ కొయ్య బావా ఇది. ఇంక దీన్ని మీ పెడన తేమ ఏం చేస్తుంది?" ఉప్పెన నాడు ఆ మేడ ఎక్కిన వాళ్ల సంగతి మొదలుపెట్టాడు. ఎక్కినవాళ్లలో ఒకాయన మెట్ల మీదే కూర్చుని, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో పైకి కేకేసి చెబుతూ ఉన్నాడట, క్రికెట్ స్కోరు చెప్పినట్టు. నేను ఆ మెట్టు దగ్గరే ఆగిపోయాను. వీరాచారి ఇంకేదో చెబుతున్నాడు.

"...గమ్మూ గిమ్మూ ఏం ఉండదు. గచ్చు మీద అడ్డంగా రీపర్లు, సన్న కొయ్య బద్దలు, పరుస్తాను, వాటి మీద పలకలు బిగిస్తాను. నీ గచ్చుని గీకను, కడగను. ఎలా ఉన్నది అలాగే ఉంటుంది కింద."

"అలాగే ఉంటుందా?"

"ఎవరు చూస్తారు బావా ఇంక దాన్ని!"

టీ రెండోసారి పెట్టించుకున్నాడు. నేను ఎందుకంత హుషారుగా ఉన్నానో తెలియక, "చెల్లెమ్మ వస్తోందనా?" అన్నాడు.

నవంబరు 28

టేకే. తేల్చేశాను. చేతకాదన్నారుగా.

నవంబరు 30

ప్యాసింజరులో గుడివాడ. రైలు పెట్టెలో ఎదుటాయనకి టేకు గురించి చెప్పాను. వడ్లమన్నాడు దగ్గర దిగిపోయాడు. ఆయన దిగాల్సింది అక్కడేనో కాదో అనుమానం.

పద్మ వాళ్లది కింది అంతస్తు. రాజ్యం వాకర్ పట్టుకుని వరండాలో నడుస్తోంది. బక్కచిక్కింది. నన్ను చూసి ఆగలేదు — "ఇంకా నాలుగు రౌండ్లున్నాయి, కూర్చోండి." కూర్చున్నాను. వాకర్ ముందుకి, కాలు, ఇంకో కాలు. నేల వైపే చూస్తుంది. ఇదివరకు ఎప్పుడూ నేల చూసి నడిచేది కాదు, నడుస్తూనే నలుగురితో మాట్లాడేది.

పై అంతస్తావిడ చూడ్డానికొచ్చింది. ఎలా పడ్డారండీ అంటే రాజ్యం చెప్పింది, చాలాసార్లు చెప్పి నున్నగా అయిపోయిన మాటల్లో. "నా స్వయంకృతమేనండీ. చెంబు చేతిలో నిలవలేదు. ఒలికిన నీళ్ల మీద నేనే కాలేశాను. వయసు మీదపడింది, చేతులు పట్టు తప్పాయి." పైనావిడ అయ్యో అంది. పద్మ వేడివేడి గారెలు తెచ్చి నా ముందు పెట్టింది. తిన్నాను.

తర్వాత కాఫీ. పద్మ గ్లాసు అందించబోతే రాజ్యం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బల్ల మీద పెట్టవే. నా చేతుల్ని నేను నమ్మను."

బల్ల మీద పెట్టింది. రాజ్యం వంగి, రెండు చేతులతో, గ్లాసు బల్ల మీద ఉండగానే అంచు దగ్గరికి మూతి తీసుకెళ్లి ఒక గుక్క తాగింది.  నా గ్లాసు నేనూ బల్ల మీదే పెట్టేశాను.

నేల గురించి పంచాయితీ. పద్మది వినైల్ పార్టీ. "పల్చగా ఉంటుంది బావగారూ, గుమ్మాల దగ్గర ఎత్తు రాదు. వాకర్ సాఫీగా పోతుంది. ఎత్తూ వాలూ ఇంకో ఆరు నెలలు వద్దన్నారు డాక్టరు." నేను టేకు గొప్పతనం మీద అందుకున్నాను — కొయ్యకి ప్రాణం ఉంటుంది, కాలికి వెచ్చగా తగులుతుంది, వినైల్ అంటే ఫొటో, ఫొటో మీద ఎవరన్నా కాపురం చేస్తారా... నాకే ముచ్చటేసింది. రాజ్యం నవ్వింది. ఇన్ని నెలల్లో మొదటిసారి. "మరి బతుకంతా మీరు చెక్కింది పువ్వులా, పువ్వుల ఫొటోలా?"

కాఫీ గ్లాసు అందుకున్నాను.

"ఆయనకి కొయ్య పిచ్చి పద్మా. నాకేదైనా ఒకటే. గదిలోంచి వంటింట్లోకి ఒక్కదాన్నే నడిచి వెళ్లగలిగితే చాలు. ఎవరినీ పిలవక్కర్లేకుండా."

పద్మ ఊరుకోలేదు. బందరులో వినైల్ వేసే మస్తాన్ అని ఒకాయన ఉన్నాడట, నమ్మకస్తుడట. ఒకసారి చూసి వెళ్లమని అప్పటికప్పుడే ఫోను చేసేసింది.

డిసెంబరు 2

మస్తాన్ వచ్చాడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. చెవి వెనక పెన్సిలు. లోపలికి రాగానే నేలకి దణ్ణం పెడతాడేమో అన్నట్టు మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో తడిమాడు. అలా నేలని తాకేవాణ్ణి చూస్తే నాకు మంచి అభిప్రాయం కలుగుతుంది, భయం కూడా.

"మంచి గచ్చండీ బాబాయ్ గారూ. ఇప్పుడిలా వేసేవాళ్లు లేరు."

నాలుగు చోట్ల పాలిథిన్ కవరు పరిచి చుట్టూ టేపు వేసి వెళ్లాడు. కింద నుంచి తేమ వస్తే కవరు లోపల చుక్కలు పడతాయట. రెండు రోజులు ముట్టుకోవద్దన్నాడు. నాలుగు చదరాలూ తప్పించుకుంటూ తొక్కుడుబిళ్ల ఆడినట్టు నడుస్తున్నాను. ఆడేవాణ్ణి ఒక్కణ్ణే.

డిసెంబరు 4

మస్తాన్ కవర్లు తీశాడు. లోపల పెద్దగా తేమ లేదు. నేను మంచిదేనన్నాను. అతను తల ఊపి, సీసాలోంచి ఒక నీటి చుక్క హాలు మధ్యలో వేశాడు.

చుక్క ఇంకలేదు. గుండ్రంగా నిలబడింది.

ఇంకోటి, గుమ్మం దగ్గర. నిలబడింది. పడక గదిలో మంచం ముందు. నిలబడింది. మంచం కిందికి పాకి అక్కడొకటి వేశాడు. అది నెమ్మదిగా పల్చబడి ఇంకిపోయింది. మంచం కింద నేను రాయలేదు మరి. ఎక్కడ మొదలుపెట్టానో, ఎక్కడ ఆపానో, నడుం నొప్పెట్టి ఎక్కడ గుడ్డ పడేశానో — అంతా చుక్కలతో గీసి చూపించినట్టయింది.

"ఎవరో నూనె పట్టించారండి. ఒకసారి కాదు, బాగా తాగించారు. దీని మీద గమ్ము పట్టదు. నెల తిరక్కుండా లేచిపోద్ది. మిషన్ పెట్టి పైపొర గ్రైండింగ్ కొట్టాలి."

"కొట్టకుండా కుదరదా?"

"అమ్మగారు నడవాలి కదండీ. అంచు లేచిందంటే మళ్లీ పడతారు."

 తర్వాత — రాయడానికి సిగ్గుగా ఉంది — "పద్మకి నూనె సంగతి చెప్పకు. తేమ ఎక్కువుందని చెప్పు" అన్నాను.

"తేమ అంటే గ్రైండింగ్ కాదండి, వేరే మందు పూస్తారు. మేడం గారికి తెలుసు, వాళ్ల పక్కింట్లో అలాగే వేశాను."

అబద్ధం ఆడాలన్నా ఆ పని తెలిసి ఉండాలి.

మస్తాన్ పెన్సిలు తీసి మళ్లీ చెవి వెనకే పెట్టుకున్నాడు.  "మీరే చెప్పుకోండి బాబాయ్ గారూ. నన్నడిగిందాకా నేనేం అననులెండి" అని మాత్రం అన్నాడు.

డిసెంబరు 5

వీరాచారి టేకు ఉందిగా. గచ్చుని గీకడు, కడగడు. నేను మస్తాన్‌తో ఎందుకు తలపట్టుకోవాలి? వినైల్ వద్దు, గచ్చు సరిగ్గా లేదట, అంటే పోలేదా?

డిసెంబరు 6

వీరాచారి నమూనాకని రెండు పలకలూ నాలుగు రీపర్లూ ఆటోలో పంపించాడు. వంటింటి గుమ్మం దగ్గర, హాలు వైపు, అతను చెప్పినట్టే పేర్చాను. మంచి కొయ్య. చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాను. గోటితో మీటితే లోపలెక్కడో పలికింది.

రీపరు ఎత్తు, పలక దళసరి, రెండూ కలిపి కొలిస్తే రెండంగుళాల పైన. ప్లాస్టిక్ కుర్చీని వాకర్ అనుకుని పట్టుకున్నాను. రాజ్యంలా వంగాను. కుర్చీ ముందుకి, కాలు, ఇంకో కాలు... పలక అంచు దగ్గర కుర్చీ ముందు కాళ్లు దిగాయి, వెనక కాళ్లు దిగలేదు. కుర్చీతో సహా వంటింటి తలుపు మీదికి వెళ్లాను. తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాను. మళ్లీ చేశాను. ఏడుసార్లు చేశాను. నాలుగుసార్లు తూలాను, నాకు తుంటి విరగలేదు కూడా.

వీరాచారికి ఫోను. "వాలు చెక్క కొడతాలే బావా" అన్నాడు. వాలు వద్దన్నారు డాక్టరు. "అయితే కొన్నాళ్లు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని దాటిస్తే సరి. నువ్వున్నావుగా!"

ఎవరినీ పిలవక్కర్లేకుండా అంది ఆవిడ.

డిసెంబరు 7

టేకు వేస్తే నూనె కిందే ఉండిపోతుంది, రాజ్యం గదిలో ఉండిపోతుంది. వినైల్ వేస్తే ఆవిడ వంటింట్లోకి వస్తుంది. నూనె కూడా బయటికొస్తుంది.

పొద్దున్నుంచీ ఇంతకు మించి రాయలేకపోయాను. టీ చల్లారింది.

డిసెంబరు 8

గుడివాడ వెళ్లాను. బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. పక్కనాయన తనే మాట కలిపినా ఊకొట్టలేదు. ఈ సంగతి ఎవరికైనా చెబితే నమ్మరు.

పద్మ బజారుకెళ్లింది. రాజ్యం వరండాలో నడక. నేనూ పక్కనే నడిచాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"వినైలే వేయిద్దాం రాజ్యం."

"ఏం, టేకుకి ప్రాణం పోయిందా?"

"గచ్చు మీద నూనె ఉంది. ముందు దాన్ని గీకాలి."

వాకర్ ఆగలేదు. "నూనె ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నేనే రాశాను. అచ్చుల నూనె. ఆ శుక్రవారం, నువ్వు గుడికి వెళ్లినప్పుడు. మొహం కనపడటం లేదన్నావని."

ఆగింది.

"చెంబు..."

"చెంబు నువ్వు పడ్డాక పడింది. నీళ్లు తర్వాతే. నేను చూశాను."

నా వైపు తిరగలేదు. వాకర్ పిడుల మీద తన చేతుల్ని చూసుకుంది. ఒకదాని తర్వాత ఒకటి.  నేను ఏదో చెప్పబోయాను... మంచి ఉద్దేశంతోనే అనో ఏదో. నా నోటికి అలాంటివి సిద్ధంగా ఉంటాయి.

"కళ్లు పరీక్ష చేయించుకున్నాను" అంది. "చేతులు వణుకుతున్నాయేమో చూడమని డాక్టర్ని అడిగాను. ఏమీ లేదమ్మా అంటే ఆయనకే తెలియదనుకున్నాను. పద్మ మనవరాల్ని ఎత్తుకోమని ఒళ్లో పెట్టబోతే వద్దన్నాను. పసిదాన్ని పడేస్తానని."

"రాజ్యం..."

"మొన్న పైనావిడకి చెబుతున్నప్పుడు మీరు ఇక్కడే ఉన్నారు. ఆ కుర్చీలో. గారెలు తింటూ."

ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది.

"ఎన్ని తిన్నారు?"

"నాలుగు."

నవ్వుతుందేమోనని చూశాను. ఆ ఆశ కూడా తప్పే. నవ్వలేదు. ఏడవనూ లేదు. ఏడిస్తే ఏం చేయాలో కొంచెమైనా తెలిసేది.

"ఇల్లు మీది. ఏం వేయించుకుంటారో వేయించుకోండి. బస్సు టైమవుతోంది, బయల్దేరండి."

గేటు దాకా వచ్చి వెనక్కి చూశాను. అటు తిరిగి నడుస్తోంది. ఇన్నాళ్లూ ఏ గొడవలోనూ మీ ఇల్లు అనలేదు.

డిసెంబరు 9

వీరాచారికి చెప్పాను, టేకు వద్దని. "ఎవరు మార్చారు బావా నీ మనసు?" అని రెట్టించాడు. కుర్చీ అన్నాను. మతి పోయిందనుకుని ఉంటాడు.

డిసెంబరు 10

మస్తాన్ మిషన్ తెచ్చాడు. చెవులు చిల్లులు పడే మోత, ఇల్లంతా ఎర్ర దుమ్ము. కిందకొచ్చేకొద్దీ పాత నూనె వాసన లేచింది. అద్దకం షెడ్డులోకి వెళ్లినట్టయింది ఒక్క క్షణం... బయట అరుగు మీద కూర్చున్నాను. వీధిలోవాళ్లు ఆగి అడిగారు. "ఏంటి మాస్టారూ, గచ్చు పీకేస్తున్నారా? బంగారంలాంటి గచ్చు!" ఎందుకో చెప్పాను. నూనె సంగతితో సహా, అడిగిన ప్రతివాడికీ. ఒకాయన నవ్వాడు, ఒకావిడ పెదవి విరిచింది. మామూలుగా నేను కథ చెబితే జనం కూర్చుంటారు. ఇవాళ ఎవరూ కూర్చోలేదు.

డిసెంబరు 11

ఫోను లేదు. నేనూ చేయలేదు. నేల మొత్తం మచ్చలు మచ్చలుగా, గరుకుగా. వట్టి కాళ్లతో నడిచి చూశాను. ఎక్కడా జారలేదు.

డిసెంబరు 12

పద్మ ఫోను. "అక్క నాలుగు రోజుల నుంచీ పెద్దగా మాట్లాడటం లేదు బావగారూ. మీరిద్దరూ ఏమన్నా అనుకున్నారా?"

అంటే చెప్పలేదన్నమాట. సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు.

"నిన్న మా ఆడపడుచు వచ్చింది. ఎలా పడ్డావక్కా అంటే, ఎప్పట్లా చెంబు కథ చెబుతుందనుకున్నాను. 'కాలు జారింది' అని ఊరుకుంది. అంతే. నీళ్లూ లేవు, చేతులూ లేవు." పద్మకి అది వింతగా ఉంది. నేనే చెప్పేద్దామనుకున్నాను — వీధిలో అందరికీ చెప్పినవాణ్ణి.  రాజ్యం దాచిన దాన్ని బయటపెట్టడం నా హక్కో కాదో తేల్చుకోలేక, తిన్నారా అమ్మా అని ఫోను పెట్టేశాను.

నా మీద కోపంతో ఊరుకుందా, నా పరువు కోసం ఊరుకుందా? ఆ చల్లని షోరూములో ముడి పట్టుకోవడం తేలికైంది. ఇది ఎన్నో పలకలో దొరుకుతుందో.

డిసెంబరు 13

మస్తాన్ రంగు తేల్చమంటున్నాడు. మూడు నమూనాలు తెచ్చాడు, ఒక్కోటీ రెండడుగుల చదరం. ఒకటి తేనె రంగు టేకు ఫొటో. ఒకటి బూడిద రంగు రాయి ఫొటో. మూడోది ఏ ఫొటో లేదు — వట్టి మట్టి రంగు, కాస్త గరుకు. నేను ఎంచలేను. ఎంచితే మళ్లీ నా ఇల్లే అవుతుంది. రేపు అతనికి గుడివాడలో వేరే పని ఉందట. మూడూ తీసుకెళ్లి రాజ్యానికి చూపించమన్నాను. ఏం చెప్పమంటారు అన్నాడు. ఏమీ చెప్పొద్దన్నాను. నేను ఏమీ చెప్పొద్దనడం బహుశా ఇదే మొదటిసారి.

డిసెంబరు 14

పొద్దున్నుంచీ అరుగు మీదే. మస్తాన్ బండి చప్పుడు సాయంత్రం నాలుగింటికి. చంకలో రెండే ముక్కలున్నాయి. తేనె రంగుదీ, బూడిద రంగుదీ.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదండి. మూడూ వరసగా వరండాలో పరిచాను. చెప్పులు విప్పేసి, వాకర్ పట్టుకుని ఒక్కోదాని మీదా నిలబడి చూశారు. ఆఖరికి మట్టి రంగు దాని మీదికెళ్లి ఆగిపోయారు."

"ఆగిపోయి?"

"ఆగిపోయే ఉన్నారండి. నేను పావుగంట చూశాను. కాళ్ల కింద ఉన్నది ఎలా లాగుతాం? నాకు అవతల పనుంది. ఇది ఖాయం చేయమంటారా అమ్మగారూ అంటే వినపడనట్టే ఉన్నారు. మీ గురించి ఏమన్నా అడుగుతారేమో అని కూడా చూశాను బాబాయ్ గారూ."

"అడిగిందా?"

మస్తాన్ తల అడ్డంగా ఊపాడు. తర్వాత, నన్ను చూసి జాలేసిందేమో, "వాకర్ మాత్రం వదిలేశారండి కాసేపు. రెండు చేతులూ తీసి, ఊరికే నిలబడ్డారు" అన్నాడు.

రేపు పొద్దున్నే ఆర్డరు పెట్టకపోతే సరుకు క్రిస్మస్ అయ్యాకే వస్తుందట. మట్టి రంగు పెట్టమనేనా అని అడుగుతున్నాడు. ఆవిడ నిలబడింది పెడన రావడానికా, తన కాళ్ల మీద తను నిలబడగలదా అని చూసుకోడానికా — ఇతన్ని అడిగితే ఏం చెబుతాడు.

పెట్టమన్నాను. హాలుకీ, గదికీ, వంటింటికీ.